కూర్చోబెడితే బిగుసుకుంటుంది.. కదిలిస్తే దారికొస్తుంది

మస్తిష్క పక్షవాతం ఉన్నవారికి వ్యాయామం, ఆట మందుతో సమానం

పోచారం: కాలు ఈడ్చి నడిచే పిల్లవాడు, చెయ్యి మడిచి గుండెలకు ఆనించుకున్న పిల్ల కనిపిస్తే "పాపం, పోలియో" అనడం పల్లెల్లో ఇప్పటికీ అలవాటే. నిజానికి సహజ పోలియో వైరస్ వల్ల దేశంలో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. 2014 మార్చి 27న మన దేశం పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. అయినా చేతులు, కాళ్ళు స్వాధీనంలో లేని పిల్లలు ఊరూరా కనిపిస్తూనే ఉన్నారు. వీరిలో చాలామందిది సెరెబ్రల్ పాల్సీ. తెలుగులో దీన్ని మస్తిష్క పక్షవాతం అంటున్నారు. చిన్నతనంలో వచ్చే శాశ్వత కదలిక లోపాలలో ప్రపంచమంతటా ఇదే ఎక్కువ. వివిధ దేశాల లెక్కల ప్రకారం వెయ్యి మంది శిశువులలో ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటోంది.

పేరు ఏదైతేనేం, ఫలితం ఒకటేగదా అనుకుంటే పొరపాటే. పోలియోలో వెన్నులోని నరాల కణాలు చచ్చి కాలు వేలాడిపోతుంది. మస్తిష్క పక్షవాతంలో కాలు, చెయ్యి చచ్చుబడవు. వాటిని నడిపించే మెదడు భాగం దెబ్బతినడం వల్ల ఆజ్ఞలు సరిగా అందవు. ఎక్కువ మందిలో కండరాలు బిగుసుకుని ఉంటాయి. కొందరిలో చేతులు వాటంతటవే మెలికలు తిరుగుతాయి. మరికొందరిలో నిలకడ తప్పి ఒళ్ళు తూలుతుంది. కండరం బతికే ఉంది కనుక దానికి పని చెప్పవచ్చు. ఈ ఒక్క సంగతి ఇంటిల్లిపాదికీ తెలిస్తే బిడ్డ జీవితమే మారుతుంది.

ఎవరి శాపమూ కాదు

కాన్పు కష్టమై బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టిన కొత్తలో కామెర్లు ముదిరి మెదడుకు ఎక్కడం, మెదడువాపు జ్వరం, తలకు దెబ్బ వంటివి దీనికి కారణాలు. తల్లి కడుపులో ఉండగానే మెదడు ఎదుగుదల దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి. కష్టమైన కాన్పుకూ ఈ బిగువుకూ సంబంధం ఉన్నదని లండన్ వైద్యుడు విలియం జాన్ లిటిల్ 1861లోనే వైద్యుల సభలో వివరించారు. చాలాకాలం దీన్ని లిటిల్ వ్యాధి అనే పిలిచేవారు. ఇది అంటువ్యాధి కాదు. గ్రహణం మొర్రిలా తల్లి మీద నింద వేయడానికి ఇందులో ఏమీ లేదు.

మాట తడబడితే బుద్ధి లేదనుకోవడం ఇంకొక అపోహ. సుమారు సగం మందిలో బుద్ధి మాంద్యం ఉండదు. నాలుక, పెదవుల కండరాలు మాట వినకపోవడం వల్ల మాట స్పష్టంగా రాదు, చొంగ కారుతుంది. లోపల అన్నీ అర్థమవుతూనే ఉంటాయి. నలుగురిలో ఒకరికి మాట అసలు రాదు. ముగ్గురిలో ఒకరు నడవలేరు. మిగిలిన ఇద్దరూ ఏదో ఒక విధంగా నడుస్తారు.

గాయం పెరగదు, ఒళ్ళు పెరుగుతుంది

మెదడుకు తగిలిన దెబ్బ వయసుతోపాటు పెరగదు. మరి ఆరేళ్ళప్పుడు గోడ పట్టుకుని నడిచిన పిల్లవాడు పదిహేనేళ్ళకు మంచానికి ఎందుకు పరిమితమవుతున్నాడు? జవాబు ఎముకల్లో ఉంది. ఎదిగే వయసులో ఎముక పొడవు సాగుతుంది. బిగుసుకున్న కండరం ఆ వేగంతో సాగదు. తాడు పొట్టిదైతే గుడారం గుంజ వంగినట్లు మడమ పైకి లేస్తుంది, మోకాలు వంగిపోతుంది, తొడలు ఒకదానిమీదికి ఒకటి కత్తెర పడతాయి. ఏళ్ళు గడిస్తే కీలు అదే వంపులో నిలిచిపోతుంది. తుంటి ఎముక గిన్నెలోంచి జారడం ముగ్గురిలో ఒకరికి జరుగుతోంది. వెన్ను వంకర తిరగడమూ ఉంది.

ఇంటి పరిస్థితీ దీనికి తోడవుతుంది. ఏడెనిమిదేళ్ళ దాకా తల్లి చంకనెత్తుకుని ఆస్పత్రికి, బడికి తిప్పుతుంది. తర్వాత పిల్లవాడి బరువు పెరుగుతుంది, తల్లి నడుము అరుగుతుంది. బస్సు ఎక్కించడం కష్టమవుతుంది. ఒక వారం మానుకున్న వ్యాయామం ఒక నెల మానడమవుతుంది, ఆ పైన పూర్తిగా ఆగిపోతుంది. పిల్లవాడు టీవీ ముందుకో, సెల్‌ఫోను ముందుకో చేరతాడు. ఎముకలు వేగంగా పెరిగే ఆ వయసులోనే వ్యాయామం ఆగిపోవడం అన్నిటికంటే పెద్ద నష్టం. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్య పోగొట్టుకున్న నడకను తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. వ్యాయామం వల్ల మెదడు గాయం మానదు. ఉన్న నడకను, ఉన్న చేతి పట్టును నిలబెట్టుకోవడానికి మాత్రం దానికి మించిన సాధనం లేదు.

బలం పెంచితే బిగువు పెరగదు

ఈ పిల్లల చేత బరువు పనులు చేయిస్తే కండరం ఇంకా బిగుసుకుపోతుందని ఒకప్పుడు వైద్యులే భయపడేవారు. మెల్లగా చేతులు కాళ్ళు సాగదీసి వదిలిపెట్టేవారు. 1990ల నుంచి జరిగిన పరిశోధనలు ఈ భయం నిజం కాదని తేల్చాయి. బలం పెంచే వ్యాయామం వల్ల బిగువు పెరగడం లేదు. పైపెచ్చు ఈ పిల్లల అసలు లోపాలలో బలహీనత ఒకటని బయటపడింది. ఇతరులు పట్టుకుని సాగదీసే దానికంటే, పిల్లవాడు తానుగా పూనుకుని చేసే పని వల్లనే కదలిక బాగుపడుతుందని ఇప్పుడు నిపుణులు చెబుతున్నారు. నడక కావాలంటే నడక, పట్టు కావాలంటే పట్టుకోవడం అభ్యాసం చేయించాలి.

ఎంత చేయాలన్న దానికి నెదర్లాండ్స్, అమెరికా పరిశోధకులు 2016లో ఒక లెక్క ప్రకటించారు. మస్తిష్క పక్షవాతం ఉన్నవారి కోసమే వేసిన లెక్క అది. దాని సారాంశం ఇది.

ఆయాసం వచ్చే వ్యాయామం మొదట వారానికి ఒకటి రెండు సార్లు చేయాలి. క్రమంగా మూడు సార్లకు పెంచాలి. ప్రతిసారీ కనీసం 20 నిమిషాలు ఉండాలి. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ మాత్రం ఆయాసం చాలు. గట్టిగా చేయగలిగినవారు కనీసం 8 వారాలు, తక్కువగా చేసేవారు 16 వారాలు విడవకుండా సాగించాలి.

బలం పెంచే వ్యాయామం వారానికి 2 నుంచి 4 రోజులు, రోజు విడిచి రోజు చేయాలి. ఒక్కో కదలిక 6 నుంచి 15 సార్లు, ఒకటి నుంచి మూడు విడతలుగా చేయాలి. ఫలితం కనబడాలంటే 12 నుంచి 16 వారాలు పడుతుంది. నెల తిరగకముందే లాభం లేదని మానేస్తే చేసిందంతా వృథా.

మూడోది అందరికీ వర్తిస్తుంది. అరగంటకో, గంటకో ఒకసారి కూర్చున్న భంగిమ మార్చి రెండు నిమిషాలైనా ఒళ్ళు కదపాలి. నడవలేని పిల్లలకూ ఇది వర్తిస్తుంది.

ఇంట్లో ఉన్న సామానే చాలు

ఈ వ్యాయామాలకు ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. ఏ పిల్లకు ఏది తగునో ఫిజియోథెరపిస్టు ఒకసారి చూసి చెబితే, మిగతాది ఇంటి అరుగు మీదనే సాగుతుంది.

కూర్చుని లేవడం అన్నిటిలోకీ ముఖ్యమైనది. అరుగు అంచునో, ఎత్తు పీట మీదనో కూర్చోబెట్టి పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనించాలి. ముందుకు వంగి లేచి నిలబడి, దబ్బున కూలబడకుండా నెమ్మదిగా కూర్చోవాలి. ఎదురుగా కిటికీ ఊచలు పట్టుకోవచ్చు. అలవాటైన కొద్దీ పీట ఎత్తు తగ్గించాలి, తర్వాత చేతి సాయం తగ్గించాలి. తొడ కండరాలు, పిరుదుల కండరాలు బలపడితే మరుగుదొడ్డికి ఒంటరిగా వెళ్ళడం సాధ్యమవుతుంది. ఇంటి పరువుకు, పిల్ల పరువుకు అంతకంటే పెద్ద లాభం ఏముంది?

ఒక పక్క చెయ్యి మాత్రమే స్వాధీనంలో లేనివారికి రెండు చేతుల పనులు చెప్పాలి. పల్లికాయలు వలవడం, చిక్కుడుకాయ ఈనెలు తీయడం, దుప్పటి మడతపెట్టడం, చపాతీ కర్ర తిప్పడం వంటివి పనికి పని, వ్యాయామానికి వ్యాయామం. బాగున్న చేతికి కొంతసేపు తొడుగు వేసి, రెండో చేతితోనే ఆడించే పద్ధతి కూడా ఉంది. దాన్ని థెరపిస్టు సలహాతో చేయించాలి.

నడవలేని పిల్లలను రోజూ కొంతసేపు నిలబెట్టాలి. దీనికి మోకాళ్ళ దగ్గర, నడుము దగ్గర, ఛాతీ దగ్గర పట్టీలున్న చెక్క చట్రం వాడతారు. కొలతలు ఆస్పత్రిలో రాయించుకుంటే ఊరి వడ్రంగి చేసి ఇవ్వగలడు. ఒంటి బరువు కాళ్ళ మీద పడితే ఎముక గట్టిపడుతుంది. ఎప్పుడూ పడుకునే ఉన్నవారి ఎముకలు పెళుసుబారతాయి.

నులక మంచంలో కూర్చోబెట్టడం మంచిది కాదు. మంచం గుంటపడి వెన్ను వంగుతుంది, తొడలు దగ్గరకు ముడుచుకుంటాయి. గట్టి పీట ఉన్న కుర్చీ, వీపుకు ఆనుడు, పాదాల కింద పలక, ఎదురుగా చిన్న బల్ల ఉంటే చేతులకు పని దొరుకుతుంది. చక్రాల కుర్చీ, మూడు చక్రాల సైకిలు, మస్తిష్క పక్షవాతం పిల్లల కోసం ప్రత్యేకంగా చేసిన కుర్చీలు కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో శిబిరాలలో అర్హులకు ఉచితంగా ఇస్తున్నారు.

జొన్నల బంతి, పైపు ముక్క

వ్యాయామం రోజూ ఒకే తీరుగా ఉంటే ఏ పిల్లవాడికైనా విసుగే. అదే ఆటయితే తానే అడుగుతాడు. నడవలేనివారు, బంతిని గట్టిగా విసరలేనివారు కూడా సమానంగా ఆడగల ఆట ఒకటి ఉంది. దాని పేరు బోచియా. 1984 నుంచి పారాలింపిక్స్‌లో ఉంది. మామూలు ఒలింపిక్స్‌లో ఈ ఆట లేదు. మస్తిష్క పక్షవాతం ఉన్నవారి కోసమే మొదట దీన్ని రూపొందించారు.

గోటీలాట తెలిసినవారికి బోచియా నేర్చుకోవడం క్షణం పని. ఒక తెల్ల బంతి, ఆరు ఎర్ర బంతులు, ఆరు నీలం బంతులు ఉంటాయి. మొదట తెల్ల బంతిని ముందుకు వేస్తారు. అది గురి. ఎర్రవారు, నీలంవారు తమ బంతులను దానికి వీలైనంత దగ్గరగా చేర్చాలి. ఎవరి బంతి గురికి దూరంగా ఉంటే తర్వాతి వంతు వారిదే. పన్నెండు బంతులూ అయిపోయాక గురికి దగ్గరగా ఉన్న పక్షం గెలిచినట్లు. ఎదుటివారి అతి దగ్గరి బంతి కంటే ఎన్ని బంతులు దగ్గరగా ఉంటే అన్ని పాయింట్లు. ఒంటరి పోటీలో ఇలా నాలుగు విడతలు ఆడతారు. ఎదుటివారి బంతిని తన్ని తప్పించవచ్చు, తెల్ల బంతినే జరిపి లెక్క తారుమారు చేయవచ్చు. కండబలం కంటే ఆలోచన ఎక్కువ కావాలి.

బంతిని చేత్తో విసరవచ్చు, దొర్లించవచ్చు, కాలితో తన్నవచ్చు. చెయ్యి, కాలు రెండూ సహకరించనివారు వాలు పట్టీ మీద నుంచి బంతిని వదులుతారు. తలకు కట్టుకున్న పుల్లతో బంతిని నెట్టేవారూ ఉన్నారు. వాలు పట్టీని సర్దడానికి పక్కన ఒక సహాయకుడు ఉంటాడు. అతడు ఆట స్థలానికి వీపు తిప్పి కూర్చోవాలి, ఆట ఎలా సాగుతోందో చూడకూడదు. పట్టీ ఎటు తిప్పాలో, ఎంత ఎత్తు పెట్టాలో ఆటగాడే చెప్పాలి. మాట రాకపోతే కళ్ళతో, సైగతో చెబుతాడు. రోజంతా ఇతరులు తన కోసం నిర్ణయాలు తీసుకునే పిల్లవాడికి, తన మాటే చెల్లే చోటు ఈ ఆటస్థలం.

పోటీ బంతి చుట్టుకొలత 27 సెంటీమీటర్లు, బరువు 275 గ్రాములు. అంటే పావుకిలోకు కొంచెం ఎక్కువ. ఇంట్లో సాధనకు పాత నూలుగుడ్డను ఆ కొలతకు గుండ్రంగా కుట్టి జొన్నలు నింపితే బరువు దాదాపు సరిపోతుంది. ఇసుక నింపితే బరువెక్కుతుంది, చెయ్యి నొస్తుంది. బోరు వేసిన చోట మిగిలిపోయిన నాలుగు అంగుళాల ప్లాస్టిక్ పైపును నిలువునా చీరి, అంచులు నున్నగా రుద్దితే వాలు పట్టీ తయారు.

ఆట స్థలం పన్నెండున్నర మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు ఉండాలి. సుమారు 41 అడుగులు, 20 అడుగులు అనుకోవచ్చు. నేల చదునుగా, నున్నగా ఉంటే చాలు. ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు పొడుగునా పొలాలు ప్లాట్లయి, పోచారం వైపు అపార్టుమెంట్లు లేచాక పిల్లలకు మైదానాలు కరువయ్యాయి. ఈ ఆటకు మైదానం అక్కరలేదు. బడి వరండా, ఫంక్షన్ హాలు, అపార్టుమెంటు కింది సెల్లారు ఏదైనా పనికొస్తుంది. సుద్దముక్కతో గీతలు గీస్తే ఆట మొదలుపెట్టవచ్చు. బాగా నడిచే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కూడా కుర్చీలో కూర్చుని ఆడితే పోటీ సమానమవుతుంది.

పరుగు, కర్ర విసురు

బోచియా ఒక్కటే కాదు. మస్తిష్క పక్షవాతం ఉన్న క్రీడాకారులు పారాలింపిక్స్‌లో మొదట 1980లో నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్‌లో పాల్గొన్నారు. అంతకుముందు ఆ పోటీలు ఎక్కువగా వెన్నుపూస దెబ్బతిన్నవారికీ, కాళ్ళు చేతులు కోల్పోయినవారికీ, చూపులేనివారికీ జరిగేవి. నేడు పరుగు, విసురు పోటీలలో వీరికి 31 నుంచి 38 దాకా తరగతులున్నాయి. 31 నుంచి 34 వరకు కుర్చీలో కూర్చుని పోటీపడేవారు, 35 నుంచి 38 వరకు నిలబడి పోటీపడేవారు. అంకె పెరిగిన కొద్దీ లోపం తక్కువని అర్థం. ఎవరికి వారి సమఉజ్జీలతోనే పోటీ.

ఈ 35వ తరగతిలోనే ఉత్తరప్రదేశ్ రైతు కుటుంబానికి చెందిన ప్రీతి పాల్ 2024 పారిస్ పారాలింపిక్స్‌లో రెండు కాంస్య పతకాలు సాధించారు. 100 మీటర్లు 14.21 సెకన్లలో, 200 మీటర్లు 30.01 సెకన్లలో పరుగెత్తారు. పారాలింపిక్ పరుగు పోటీలలో భారతదేశానికి వచ్చిన తొలి పతకాలు అవే. చిన్నతనంలో ఆమె ఏళ్ళ తరబడి కాళ్ళకు కాలిపర్లు వేసుకుని తిరిగారు. ముగింపు ఉత్సవంలో జాతీయ పతాకం పట్టిన ఇద్దరిలో ఆమె ఒకరు.

కర్ర విసురు అనే పోటీ కూడా ఉంది. ఈటెను, గుండును పట్టుకోలేనివారు సీసా ఆకారంలోని సుమారు 400 గ్రాముల చెక్క కర్రను కుర్చీలో కూర్చుని విసురుతారు. చేతులు, ఒళ్ళు బాగా బిగుసుకున్నవారికి ఇందులో ప్రత్యేక తరగతి ఉంది. వెన్ను దెబ్బతిన్నవారి తరగతిలో పారిస్‌లో ధరంబీర్ 34.92 మీటర్లు విసిరి స్వర్ణం, ప్రణవ్ సూర్మా రజతం తెచ్చారు.

పోచారం మీదుగా పోయే వరంగల్ రోడ్డు చివర పర్వతగిరి మండలం కల్లెడ ఉంది. ఆ ఊరి దీప్తి జీవంజి పారిస్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం సాధించారు. ఆమెది మస్తిష్క పక్షవాతం కాదు, బుద్ధి వికాసానికి సంబంధించిన వేరే తరగతి. ఆమెను గుర్తించి హైదరాబాద్‌లో తీర్చిదిద్దినవారు శిక్షకుడు నాగపురి రమేశ్. ఊరి బడిలో ఎవరో ఒకరు గమనించడంతోనే ఇటువంటి ప్రయాణం మొదలవుతుంది.

నడవగలిగిన కుర్రవాళ్ళకు ఏడుగురు ఆడే ఫుట్‌బాల్ ఉంది. అందులో ఆఫ్‌సైడ్ నిబంధన లేదు, బంతిని ఒక చేత్తో దొర్లించి లోపలికి వేయవచ్చు. 1984 నుంచి 2016 దాకా ఇది పారాలింపిక్స్‌లో ఉండేది. 2020 పోటీల నుంచి తొలగించినా ఇతర అంతర్జాతీయ పోటీలు జరుగుతూనే ఉన్నాయి. పతకాల మాట ఎలా ఉన్నా, సాయంత్రం ఓ గంట చెమట పట్టడమే అసలు లాభం.

చేయకూడనివి

నాటు వైద్యుల చేత కాళ్ళు గుంజించడం, గట్టిగా నూనె మర్దనాలు చేసి విరవడం ప్రమాదకరం. పెళుసుబారిన ఎముక పుటుక్కున విరగవచ్చు. బిగుసుకున్న కీలును ఒక్క ఊపులో సాగదీస్తే కండరం ఎదురు తిరిగి ఇంకా బిగుస్తుంది. మెల్లగా పట్టి ఉంచాలి.

నలుగురిలో ఒకరికి మూర్ఛలు ఉంటాయి. మాత్రలు మానకూడదు. ఈత మంచి వ్యాయామమే, గోరువెచ్చని నీటిలో కండరాలు వదులవుతాయి. అయితే బావి, చెరువు పనికిరావు. కొలనులోనైనా ఒక్కో పిల్లవాడికి ఒక్కో పెద్దమనిషి నీళ్ళలోనే తోడుండాలి.

నలుగురిలో ముగ్గురు ఏదో ఒక నొప్పితో బాధపడుతుంటారు. మాట రాని పిల్ల చెప్పుకోలేదు. వ్యాయామం చేయిస్తుంటే ముఖం చిట్లించినా, రాత్రి నిద్రపోకుండా ఏడ్చినా, తొడలు విడదీసి గుడ్డ మార్చడం కష్టమైనా తుంటి జారుతోందేమో అనుమానించాలి. వైద్యుడు చెప్పిన గడువు ప్రకారం తుంటి ఎక్స్‌రే తీయించాలి. ఎండాకాలం పొద్దుటే, సాయంత్రమే ఆడించాలి. మింగడంలో ఇబ్బంది ఉన్నవారికి తిన్న వెంటనే వ్యాయామం వద్దు.

పూర్తిగా నయం చేస్తామంటూ మూలకణాల చికిత్సకు లక్షలు అడిగేవారున్నారు. 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం మస్తిష్క పక్షవాతానికి ఆ చికిత్సను పరిశోధన ప్రయోగాలలో తప్ప మామూలు వైద్యంగా డబ్బు తీసుకుని చేయరాదు. అధిక పీడన ఆక్సిజన్ గదుల వల్ల కూడా ప్రయోజనం తేలలేదు. ఇటువంటి వాటి కోసం ఎకరం అమ్ముకునే ముందు ప్రభుత్వ వైద్యుణ్ణి అడగడం మేలు. బిగువు తగ్గించే సూదిమందులు, కండరం పొడిగించే శస్త్రచికిత్సలు కొందరికి మేలు చేస్తాయి. వాటి తర్వాత వ్యాయామం చేయిస్తేనే ఆ ఖర్చుకు ఫలితం దక్కుతుంది.

ఎక్కడ అడగాలి?

ప్రతి మండలంలోనూ సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రం గురించి విద్యాశాఖ కార్యాలయంలో వాకబు చేయవచ్చు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అక్కడ చదువు, ఫిజియోథెరపీ అందిస్తారు. బడికి రాలేనివారి ఇళ్ళకు ఉపాధ్యాయులు వెళ్ళే ఏర్పాటూ ఉంది.

సికింద్రాబాద్ బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ ఉంది. 1984లో స్థాపించిన ఈ సంస్థను ఇప్పుడు బుద్ధిమాంద్యం గలవారి సాధికారత జాతీయ సంస్థగా వ్యవహరిస్తున్నారు. ఆరేళ్ళలోపు పిల్లలకు అన్ని రకాల వైకల్యాలనూ ఒకేచోట పరీక్షించే కేంద్రాన్ని 2021 జూన్‌లో అక్కడ ప్రారంభించారు. పోచారం నుంచి ఉప్పల్ చేరి, సికింద్రాబాద్ మీదుగా అక్కడికి వెళ్ళవచ్చు. సికింద్రాబాద్‌లోనే డాక్టర్ పి.హనుమంతరావు 1977లో నెలకొల్పిన స్వీకార్ సంస్థ కూడా ఉంది. ఆరు నెలలకు మెడ నిలపకపోయినా, ఏడాది నిండకముందే ఒక చేతినే వాడుతున్నా, కాళ్ళు కర్రల్లా బిగిసినా ఆలస్యం చేయకుండా చూపించాలి.

వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవారు సదరం ధ్రువపత్రం, విశిష్ట గుర్తింపు కార్డు తీసుకోవాలి. పింఛను, ప్రయాణ రాయితీలు, ఉద్యోగాలలో రిజర్వేషన్ అన్నిటికీ అదే ఆధారం. 1999 నాటి చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్టు 'నిరామయ' పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఇస్తోంది. థెరపీ ఖర్చులు కూడా అందులో వస్తాయి. పద్దెనిమిదేళ్ళు నిండాక సంరక్షకుణ్ణి నియమించే అధికారం కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి ఉంది.

ఆటల గంట వారిది కూడా

2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం బడులు ఈ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవడమే కాదు, ఆటలలో, వినోద కార్యక్రమాలలో ఇతరులతో సమానంగా అవకాశం ఇవ్వాలి. 30వ సెక్షన్ క్రీడలలో వారు పాల్గొనేలా చూసే బాధ్యతను ప్రభుత్వాల మీద పెట్టింది. ఆచరణలో ఆటల పీరియడు రాగానే ఈ పిల్లలను తరగతి గదిలో పుస్తకాల సంచులకు కాపలా ఉంచడమే ఎక్కువ. పడిపోతాడన్న భయంతో చేసే ఈ దయ పిల్లవాడికి కీడే చేస్తుంది. బడిలో ఆడని పిల్లవాడు ఇంట్లోనూ ఆడడు.

వ్యాయామ ఉపాధ్యాయులు కొద్దిపాటి మార్పులతోనే వీరిని ఆటలో కలుపుకోవచ్చు. పరుగు పందెంలో ముందు గీత దగ్గర నిలబెట్టడం, క్రికెట్‌లో బంతిని దొర్లించి వేయడం, బదులు పరుగెత్తేవాడిని ఇవ్వడం, మెత్తని పెద్ద బంతి వాడడం వంటివి ఖర్చు లేని పనులు. జాతరకో, పండుగకో ఊళ్ళో కబడ్డీ, ముగ్గుల పోటీలు పెట్టే యువజన సంఘాలు వాటి పక్కనే ఒక బోచియా పోటీ పెడితే, ఏళ్ళ తరబడి గడప దాటనివారు కూడా బయటికి వస్తారు.

బడి వయసు దాటినవారి సంగతి మరీ మరచిపోతున్నారు. భవిత కేంద్రాలు పిల్లలకే. పద్దెనిమిది దాటాక ఫిజియోథెరపీ ఆగిపోతుంది, ముప్పై ఏళ్ళకే ఒంట్లో నలభై యాభై ఏళ్ళ నొప్పులు మొదలవుతాయి. పెద్దలు వారానికి 150 నిమిషాలైనా ఒళ్ళు కదపాలని, వికలాంగులకూ అది వర్తిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో స్పష్టం చేసింది. ఆస్పత్రి మెట్లు ఎక్కలేనివారికి ఊళ్ళో ఆడే ఆటే ఆ 150 నిమిషాలను సమకూర్చగలదు. గ్రామ పంచాయతీలు, కాలనీ సంఘాలు ఒక హాలును వారానికి రెండు సాయంత్రాలు కేటాయించి, గుమ్మం దగ్గర చక్రాల కుర్చీ ఎక్కే వాలు కట్టిస్తే చాలు. మిగిలిన ఖర్చు పదమూడు గుడ్డ బంతులు, ఒక సుద్దముక్క.